ముప్పై ఐదు అంగుళాలు

కోక్-జర్,
12 సెప్టెంబరు 2004, ఆదివారం

ప్రియమైన తమ్ముడు జాన్‌బోలోత్‌కు,

నీ పెద్దక్క బూసైరా మనసారా చెప్పే సలాములు. అల్లా దయవల్ల ఇక్కడ మనుషులూ మందా క్షేమం. అక్కడ నగరంలో నీ ఒళ్ళూ, నీ పనీ, నీ నిద్రా క్షేమంగా ఉండాలని అయిదు పూటలా అడుగుతున్నాను. సెయిత్‌కాజి తాత సలాం చెప్పమన్నాడు. కుబాత్ చెప్పమన్నాడు, అతని భార్య బెర్మెత్ చెప్పమంది. మిగతా ఇళ్ళవాళ్ళవి కూడా రాస్తే కాగితం చాలదు. అందరివీ అందాయనుకో.

“ఎజే” అని మొదలుపెట్టిన నీ ఉత్తరం శుక్రవారం చేరింది. ఊరంతా నన్ను వరసకి ఎజే అంటుంది గాని, సొంత అక్కగా ఆ మాట అనేవాడివి నువ్వొక్కడివే. రెండుసార్లు చదువుకున్నాను.

ముందు ఇంటి సంగతులు. మంద కొండమేత నుంచి దిగింది. దిగేటప్పుడు రాయి జారి ఒక గొర్రె పోయింది, మిగతావి లెక్కకి వచ్చాయి. గడ్డికోత పూర్తయింది. ఎర్రగుర్రం కాలు నయమైంది. గొర్రె పొట్టలో కూరిన వెన్న, ఒక సంచి కురుత్ ఉండలు కుబాత్ వ్యానులో పంపుతున్నాను. ఈ ఏడు పెరుగు బాగా పులిసింది, ఉండలు గట్టిగా ఎండాయి. గ్యారేజీలో అందరికీ పంచేస్తావని తెలుసు. అందుకే సంచి పెద్దది కుట్టాను.

నీ ఇల్లాలు అయ్‌జారిక్ పోయి ఎనిమిది నెలలు దాటింది. ప్రతి గురువారం నూనె కాచి ఆమె పేరున బోర్సోక్ పిండిముక్కలు వేయిస్తున్నాను. ఆ వాసన పోయినవాళ్ళకి చేరుతుందని అమ్మ చెప్పేది. ఫాతిహా చదువుతున్నాను. సమాధి చుట్టూ నువ్వు పెట్టిన మట్టిగోడ ఒక మూల వానకి కరిగితే మళ్ళీ మెత్తించాను. ఇవన్నీ నువ్వు అడగలేదు. నీ ఉత్తరం నిండా టైర్ల గురించే ఉంది. కాబట్టి టైర్ల సంగతి రాస్తాను.

నువ్వు మడిచి పెట్టిన దారం కవరులో దొరికింది. మూడు ముడులు. కొస నేలకి ఆనించి పట్టుకుంటే మొదటి ముడి ముప్పై ఒక్క అంగుళాల టైరు ఎత్తు, రెండోది ముప్పై మూడు, చివరిది ముప్పై ఐదు అని రాశావు. ఇప్పుడు జీపుకున్నవి ముప్పై. వాకిట్లో బండి పక్కన పట్టి, ఏది ఎక్కడ తగులుతుందో చూసి రాయమన్నావు. నాకు బండి సంగతి ఏం తెలుసు. సెయిత్‌కాజి తాతని పిలిచాను. ముప్పై ఏళ్ళు కొల్హోజ్ ఉమ్మడి పొలాల లారీ నడిపిన మనిషి, నీకు స్టీరింగు పట్టడం నేర్పిన మనిషి. ఇప్పుడు కళ్ళు మసక. వేళ్ళతో చూస్తాడు.

దారం నేలకి ఆనించి పట్టుకున్నానో లేదో, ఆయన నవ్వాడు. ఎవడమ్మా ఈ కొలత చెప్పింది, నీ తమ్ముడేనా, నేను నేర్పింది నగరంలో అమ్ముకున్నాడా అన్నాడు. చక్రం పెరిగితే బండి కూడా లేస్తుంది కదా, నేల నుంచి కొలిస్తే లాభమేముంది, ప్రతి ముడి దగ్గరా దారాన్ని సగానికి మడిచి, ఒక కొస చక్రం నడిబొడ్డున పెట్టి రెండో కొసని చుట్టూ తిప్పు, అప్పుడు తెలుస్తుంది అన్నాడు.

ఆయన నడుం వంగదు. అందుకని నేనే జీపు కిందికి దూరాను. యాభై నాలుగేళ్ళ ఆడదాన్ని మట్టిలో పడుకోబెట్టి ఆయన పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. అక్కడ వేలు పెట్టు, ఎంతుంది, సరిగ్గా చెప్పమ్మాయ్, పిండిలో ఉప్పు వేసినట్టు ఉజ్జాయింపుగా చెప్పకు అంటూ. కుబాత్ అటు పోతూ ఆగి, ఎజే, నమాజుకి కొత్త చోటు చూసుకున్నావా అన్నాడు. తాత చేతికర్ర ఎత్తేసరికి వెళ్ళిపోయాడు.

కొలతలు ఇవి. మొదటి ముడితో, చక్రం తిన్నగా ఉంటే మడ్‌గార్డుకీ దారానికీ మధ్య నా నాలుగు వేళ్ళు పట్టాయి. స్టీరింగు చివరిదాకా తిప్పితే రెండు వేళ్ళు. రెండో ముడి తిన్నగా ఉంటే సరిపోతుంది, తిప్పితే వెనక అంచుకి రాసుకుంటుంది. గుంటలో పడితే పైన కూడా తగులుతుంది. మూడో ముడికి అసలు చోటు లేదు. నాలుగు మడ్‌గార్డులూ కోసి, ఇరుసు మీద దిమ్మలు పెట్టి బాడీని పైకి లేపితే తప్ప అది పట్టదని తాత అన్నాడు.

ఇంకో మాట కూడా అన్నాడు. టైరు ఎత్తు అయిదు అంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది రెండున్నరే. మిగతా సగం పైవైపు పోతుంది, దానివల్ల లాభం ఆకాశానికే అన్నాడు. ఇది నీకు తెలిసే ఉంటుంది. అయినా రాయమన్నాడు, రాశాను.

తాత అభిప్రాయం మొదటి ముడి. నాదీ అదే.

ఒంటి మీద వెచ్చనివి వేసుకో. పనిలో పడి తిండి మరవకు.

దువాలతో,
నీ పెద్దక్క
బూసైరా


కోక్-జర్,
10 అక్టోబరు 2004, ఆదివారం

తమ్ముడూ,

సలాం. మనుషులూ మందా క్షేమం. కనుమ మీద మొదటి మంచు పడి, రెండు రోజులుండి కరిగింది. పడ్డ రోజున ఎవరూ దాని గురించి నా ఎదుట మాట్లాడలేదు.

నీ జవాబు కుబాత్ తెచ్చి ఇచ్చాడు. ముప్పై ఐదే తీసుకుంటానని రాశావు. వేటగాళ్ళ బండి నుంచి విప్పిన సెట్టు గ్యారేజీలో ఉందనీ, నీ నాలుగు నెలల పనికి బదులుగా ఇవ్వడానికి యజమాని ఒప్పుకున్నాడనీ, మడ్‌గార్డులు ఊరికి వచ్చాక నువ్వే కోస్తాననీ. “ఎజే, ఆ రోజు ఇవే ఉండి ఉంటే జీపు పొట్ట మంచుకి ఆనేది కాదు, ఆమె ఆసుపత్రికి చేరేది” అని రాశావు. ఆ వాక్యం ఒకే ఉత్తరంలో మూడు చోట్ల ఉంది. మూడుసార్లు రాసినట్టు నీకు గుర్తుందో లేదో.

తాతకి ఉత్తరం చదివి వినిపించాను, ఆ మూడు చోట్లూ వదిలేసి.

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత, రాసుకో అన్నాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను, తిట్లు కొన్ని తీసేసి.

“ఎర్రగుర్రానికి ఒంటె కాళ్ళు అతికిస్తే ఎత్తు పెరుగుతుంది, నిజమే. లాగే గుండె గుర్రానిదే కదరా. ఆ ఇంజను ఎంత, ఆ చక్రం ఎంత. మొదటి గేరు వేస్తే రెండో గేరు వేసినట్టు మూలుగుతుంది. మూలుగుతున్న బండిని తొక్కుతావు, ఇరుసు లోపలి కడ్డీ పుటుక్కుమంటుంది. కనుమ మీద కడ్డీ విరిగితే నీ గ్యారేజీ యజమాని ఎక్కి వస్తాడా. సరే, ఎక్కావే అనుకుందాం. అవతల దిగాలి కదా. ఆ ముసలి బ్రేకులు ఆ చక్రాలని పట్టుకోగలవా. వేగం ముల్లు ముప్పై చూపిస్తుంటే నువ్వు ముప్పై ఐదు మీద పోతుంటావు, అది కూడా తెలీదు. అయిదో చక్రం ఎక్కడ పెడతావు. వెనక తలుపుకి తగిలిస్తే తలుపు ఊడి చేతికొస్తుంది. ఒళ్ళో పెట్టుకుని నడుపుతావా, కొత్త పెళ్ళికూతురిలా.”

చివరి మాట అన్నాక ఆయనే నాలుక కరుచుకున్నాడు. నన్ను చూసి, అది తీసెయ్యమ్మాయ్ అన్నాడు. తీసేస్తే ఆయన గొంతు నీకు వినబడదని ఉంచాను. ఆయన మీద కోపం పెట్టుకోకు.

వెడల్పు గురించి నువ్వడిగావు. వెడల్పు టైరు మంచు మీద తేలుతుంది అన్నావు. మన కనుమలో మంచు మోకాలి లోతు, దాని కింద గట్టి రాతిదారి ఉంది, సన్న టైరు మంచుని కోసుకుంటూ పోయి ఆ రాయిని పట్టుకుంటుంది, తేలాల్సిన పని లేదు అని తాత మాట. సన్నవి, ముప్పై ఒకటి, గళ్ళు లోతుగా ఉన్నవి చూడమన్నాడు. నాలుగింటికీ గొలుసులు. గాలి కొంచెం తగ్గించడం. రెండు పారలు. ముప్పై ఏళ్ళు తన దగ్గర ఇంతకు మించి ఏమీ లేదన్నాడు.

ఊళ్ళో నీ చక్రాల కబురు నీకంటే ముందే వచ్చేసింది. ట్రాక్టరు చక్రాలు వేస్తున్నాడట, ఎక్కడానికి నిచ్చెన కూడా తెస్తాడా అని కుబాత్ నవ్వాడు. పక్కన బెర్మెత్ ఉంది. నిచ్చెన అయినా ఎక్కుతాను గాని నీ వ్యానులో మాత్రం పోను అంది అతనితో. అందరం నవ్వాం. తర్వాత ఆమె నవ్వలేదు. ఆమెకి నెలలు నిండేది జనవరిలో. తొలి కాన్పులో ఎంత రక్తం పోయిందో నీకు తెలుసు. మందుల కొట్టు నర్సు, ఈసారి ఇంట్లో వద్దు, నొప్పులు రాకముందే జిల్లా ఆసుపత్రికి చేర్చాలి అని చెప్పి, కనుమ దాటించే బండి అని కాగితం మీద నీ పేరు రాసుకుంది. జనవరిలో ఈ లోయ నుంచి పైకి ఎక్కేది నీ జీపు ఒక్కటే.

నువ్వు వద్దంటావేమో అని నేను నర్సుకి చెప్పాను. వద్దనడు అంది.

కాబట్టి నువ్వు ఎంచుకునే టైర్ల మీద కూర్చునేది బెర్మెత్. ఆమె కడుపులో బిడ్డ. నువ్వు. ఎక్కుడు మాత్రమే కాదు, దిగుడు కూడా ఆలోచించు.

అమ్మ పోయేనాటికి నీకు ఎనిమిదేళ్ళు. నీ బూట్లు నేనే కొన్నాను, ఏడాదికోసారి, ఒక వేలు పెద్దవి. పెరుగుతున్న కాళ్ళకి ఒక వేలు పెద్దవి చాలు. మూడు వేళ్ళు పెద్దవి కావాలని నువ్వు ఏడ్చిన ఏడు గుర్తుంది. కొనలేదు. అప్పుడు నువ్వు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడకపోయినా సరే, ముప్పై ఒకటి తీసుకో.

నీ కోసం దువా చేసే
అక్క బూసైరా


కోక్-జర్,
31 అక్టోబరు 2004, ఆదివారం

తమ్ముడూ జాన్‌బోలోత్,

రంజాను సలాం. రోజాలు సాగుతున్నాయి. నువ్వు పనిలో ఉండి కూడా ఉంటున్నావని కుబాత్ చెప్పాడు, అల్లా స్వీకరించాలి. అసర్ నమాజు అయ్యాక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇఫ్తారుకి ఇంకా పొద్దుంది.

నీ చిన్న ఉత్తరం అందింది. అంత చిన్న ఉత్తరం నువ్వు ఎప్పుడూ రాయలేదు. బండి నాది ఎజే, పీట మీద కూర్చుని మాట్లాడేవాళ్ళు ఆ రోజు స్టీరింగు వెనక లేరు, చక్రాలు పదిహేనో తారీఖున లారీలో వస్తాయి, నేనూ వస్తాను, మడ్‌గార్డులు కోసే రంపం అక్కడ దొరుకుతుందా చూడు అని రాశావు. తర్వాత ఒక్క వాక్యం. “ఈ చక్రాలుంటే బండి ఎక్కడ ఆగినా మళ్ళీ కదులుతుంది.”

ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పని చేసుకుంటూ, ఆవు పాలు తీస్తూ, నమాజులో కూడా అదే. నమాజులో వేరే మాట రావడం నాకు అలవాటు లేదు.

రంపం ఉంది. కమ్మరి దగ్గర. చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను.

తాతకి ఈసారి ఉత్తరం చదివి వినిపించలేదు. ఆయనే గురువారం వచ్చాడు. పాత గొలుసులు రెండు బాగుచేసి, భుజాన వేసుకుని తెచ్చాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, రోజాతో, అంత బరువు. తిట్టాను. బెర్మెత్‌కని తెచ్చాను, నీకు కాదు అన్నాడు. గొలుసులు జీపులో పెట్టించి, మెట్టు మీద కూర్చున్నాడు. ఎండ బాగుంది. చేతికర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు.

“నేను టైర్లని తప్పు పట్టలేదమ్మాయ్, మొదటి రోజు నుంచీ. ఆ రోజు ట్రాక్టరు మీద పైకి వచ్చి మిమ్మల్ని లాగింది నేనే కదా. వస్తూ మీ జాడ చూశాను. అప్పుడు నా కళ్ళు ఇంత మసక లేవు. కింది మూడు మలుపులూ గీత గీసినట్టు ఎక్కాడు. ఎక్కడా జారలేదు, ఎక్కడా తవ్వలేదు. ఆ చిన్న టైర్లే, ఆ మంచే. నాలుగో మలుపు దగ్గర మాత్రం గుంట. అంటే బండి అక్కడ చిక్కుకోలేదు, ఆగింది. ఆగిన బండిని కదిలించబోతే చక్రాలు తవ్వాయి, తవ్వితే పొట్ట ఆనింది. ఎక్కుడులో, కొత్త మంచులో, ప్రాణం పోతున్నా యాక్సిలరేటరు మీంచి కాలు తీయొద్దని వాడికి నేనే నేర్పాను. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి తీయలేదు. ఆ రోజు ఎందుకు తీశాడు. నువ్వు పక్కనే ఉన్నావు కదా.”

నాకు తెలియదు తాతా అన్నాను.

ఆయన సరేలే అని లేచి, కర్ర పట్టుకుని వెళ్ళిపోయాడు.

టైర్ల గురించి నేను చెప్పాల్సింది చెప్పేశాను. నీ బండి, నీ నిర్ణయం. పదిహేనో తారీఖుకి ఇల్లు వెచ్చగా ఉంచుతాను. అయ్‌జారిక్ ఏడాది తంతుకి ఎవరెవరిని పిలవాలో నువ్వు వచ్చాక కూర్చుని రాసుకుందాం.

అల్లా నీ దారి తేలిక చేయాలి.

అక్క
బూసైరా

తా.క. అంటించిన కవరు మళ్ళీ విప్పాను.

తాతతో నేను అబద్ధం చెప్పాను, రోజాలో ఉండి. నువ్వు ఎందుకు ఆగావో నాకు తెలుసు. ఆపమన్నది నేనే.

నీకు తెలిసిన సంగతే. అయినా ఒకసారి పూర్తిగా రాయనివ్వు. ఇది ఎప్పుడూ ఎవరి నోటా రాలేదు, మన ఇద్దరి మధ్య కూడా.

నాలుగో మలుపు దగ్గర పీరు మజార్, ఆయన సమాధి, వచ్చింది. అక్కడ దిగి, చేతులు చాచి దువా చేయకుండా మన లోయ మనిషి ఎవరూ కనుమ దాటరు. అమ్మ దాటలేదు, అమ్మమ్మ దాటలేదు. నువ్వు తల తిప్పకుండా అన్నావు, ఎజే, ఎక్కుడు మీదున్నాం, ఇక్కడ ఆపితే కదలదు, వచ్చేటప్పుడు ఆగుదాం అని. దువా లేకుండా పోతే ఆయన దారి ఇవ్వడు, ఆపు అన్నాను. నువ్వు నా ముఖం వైపు ఒకసారి చూసి ఆపావు. అయ్‌జారిక్ జ్వరంతో వెనక సీట్లో పడుకుని ఉంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి పెద్దల పేరు పలకకూడదని నన్ను తెల్లక్కా అనేది. తెల్లక్కా, చిన్న దువా చెయ్యి, చలేస్తోంది అంది.

నేను చిన్నది చేయలేదు. ఆమె కోసమే కదా అని, ఏ ఒక్కటీ విడవకుండా పూర్తిగా చేశాను.

తర్వాత నాలుగు గంటలు. నేను వెనక సీట్లోకి మారి ఆమె తల ఒడిలో పెట్టుకున్నాను. నువ్వు బయట పారతో తవ్వుతున్నావు. ఎప్పుడు పోయిందో నీకంటే ముందు తెలిసింది నాకే. తెలిశాక కూడా చాలాసేపు నీతో చెప్పలేదు, నువ్వు తవ్వడం ఆపేస్తావని.

ఖననం రోజున గుడారం బయట మగవాళ్ళు నిన్ను అడిగారు, ఎలా జరిగింది అని. నేను లోపల ఆడవాళ్ళతో గోడవైపు తిరిగి కూర్చుని శోకం పెడుతున్నాను. మధ్యలో ఉన్నది ఒక్క కంబళి. టైర్లు చిన్నవి, పొట్ట ఆనింది అని నువ్వు చెప్పడం విన్నాను. నేను శోకం ఆపి, లేచి బయటికి రావాలి. ఇంకా గట్టిగా ఏడ్చాను.

మొదట నువ్వు నా కోసమే ఆ మాట అన్నావు. ఊరు నన్ను చూసే చూపు మారకూడదని. తర్వాత అని అని నువ్వే నమ్మావు. పది నెలలుగా నేను ఆ టైరు చాటున దాక్కుని ఉన్నాను, అది ఎంత పెద్దదైతే నాకు అంత చాటు. ఎక్కడ ఆగినా మళ్ళీ కదిలే బండి కావాలని రాశావు. అంటే, నేను ఆపమన్నా ఎవరూ చావని బండి. అలాంటిది ఏ గ్యారేజీలోనూ లేదు తమ్ముడూ. దాని కోసం మడ్‌గార్డులు కోయకు. దిగుడులో ఆగని బండిలో బెర్మెత్‌ని కూర్చోబెట్టకు.

పీరు దారి ఇవ్వలేదని నేను అనడం లేదు. ఆయన దారి ఇచ్చే ఉంచాడు, మూడు మలుపులు గీత గీసినట్టు ఎక్కాం. ఆపింది నేను. దువాలో ఏ తప్పూ లేదు. చోటు తప్పు. ఇది అర్థం చేసుకోవడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది, ఇన్ని నమాజులు పట్టాయి.

రేపు తెల్లవారాక ఎర్రగుర్రం మీద అయ్‌జారిక్ తల్లి దగ్గరికి వెళ్తున్నాను. ముందు ఆమెకి చెప్పాలి. ఆమె ఏమన్నా నిలబడి వింటాను. తిరిగి వచ్చాక తాతకి చెబుతాను, ఎదురుగా కూర్చుని. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి ఊరికి తెలిసిపోతుంది. ఇక నువ్వు ఎవరికీ టైర్ల గురించి చెప్పనక్కర్లేదు. నా మీద నీకున్న కోపం కూడా దాచనక్కర్లేదు. ఉంటుంది. ఉండాలి.

ఇప్పుడు మళ్ళీ ఎంచుకో, బండిని మాత్రమే చూసి.

జనవరిలో బెర్మెత్‌తో నేను కూడా వస్తాను, నువ్వు ఎక్కించుకుంటే. నాలుగో మలుపు దగ్గర సీట్లో కూర్చునే చేతులు చాస్తాను, చక్రాలు తిరుగుతుండగానే. పాత అలవాటుకొద్దీ నా నోటి నుంచి ఆపు అని వస్తే, నా మాట వినకు.